తెల్ల పిల్లులు, నా తెల్ల పాయ

అప్పుడు నాకు ఐదో నెల. కోరుట్లలో మా ఇంటి డాబా మీది గదిలో పిల్లి కూనల కింద గుడ్డలు మారుస్తున్నాను. అల్మారా మీదున్న స్టీలు తాంబాళానికి నా మోచెయ్యి తగిలి అది కింద పడింది. బండల మీద పడ్డ ఆ చప్పుడుకు నా గుండె ఝల్లుమంది. కింద వాకిట్లో బియ్యం చెరుగుతున్న అత్తమ్మ ఏమైందని కేక వేసింది. నాలుగు కూనల్లో ఒకటి ఎగిరిపడి మంచం కిందికి దూరింది. మిగతా మూడూ ఒకదాని మీద ఒకటి తల పెట్టుకుని అలాగే నిద్రపోతున్నాయి. తాంబాళం ఇంకా గిరగిరా తిరుగుతూ మోగుతూనే ఉంది. తల్లి పిల్లి తల తిప్పి చూసింది కానీ, అది చప్పుడు విని చూసినట్టు లేదు. ఏదో మెరిస్తే చూసినట్టు చూసింది.

తాంబాళం తీసి, ఈసారి కావాలనే, మళ్ళీ వదిలాను. ఆ మూడూ కదలలేదు.

మా ఆయన ఖతర్‌లో ఒక పెద్ద ఇంట్లో డ్రైవరుగా పనిచేశాడు. ఆ ఇంటావిడకు పిల్లులంటే ప్రాణం. వాటిని డాక్టరు దగ్గరికీ పోటీలకూ తీసుకుపోవడం మా ఆయన పని. కొన్నేళ్ళు అలా తిప్పేసరికి కార్ల కంటే పిల్లుల సంగతే అతనికి ఎక్కువ తెలిసింది. మా పెళ్ళయ్యాక ఒకసారి పోయి వచ్చి, ఇక పోనన్నాడు. పిల్లలు పుడితే వాళ్ళను వీడియో కాల్‌లో పెంచడం తన వల్ల కాదన్నాడు. హైదరాబాదులో ఒకాయన దగ్గర జాతి కాగితాలున్న పర్షియన్ జంటను తెచ్చాడు. రెండూ పాలలాంటి తెలుపు. ఆడదానికి రెండు కళ్ళూ నీలం. మగదానికి ఒక కన్ను నీలం, రెండోది ఇత్తడి రంగు. ఎండాకాలం అవి తట్టుకోలేవని డాబా గదికి కూలరు పెట్టించి, కిటికీలకు జాలీ కొట్టించాడు.

అన్నం తినేటప్పుడు నాకు ఆ జాతి నియమాలు చెప్పేవాడు. తల గుండ్రంగా ఉండాలి, చెంపలు నిండుగా ఉండాలి, ముక్కు పొట్టిగా కళ్ళ మధ్యకు రావాలి. చెవులు చిన్నవిగా, కొనలు గుండ్రంగా, ఒకదానికొకటి దూరంగా ఉండాలి. తెల్ల పిల్లి అయితే ఒంటి మీద వేరే రంగు వెంట్రుక ఒక్కటి కనిపించినా పోటీలో వెనకబడుతుంది. నీలి కన్నయితే ముదురు నీలమే కావాలి, వెలిసినట్టు ఉండకూడదు. మా పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని చూడలేదని నేను నవ్వేదాన్ని.

మొదటి ఈతలో నాలుగు కూనలు పుట్టాయి. మూడు మచ్చ లేని తెలుపు. నాలుగోదానికి నడినెత్తిన కాటుక వేలితో అద్దినట్టు నల్లటి మరక ఉంది. అది చూసి మా ఆయన ముఖం చిన్నబోయింది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, ఏడాది తిరిగేలోపు ఆ మరక పోతుందని చెప్పాడట. తెలుపనేది పైన కప్పిన దుప్పటిలాంటిదట, కింద ఏ రంగుందో కూన పుట్టినప్పుడు నెత్తి మీద కొంచెం కనిపిస్తుందట. తాంబాళం పడినప్పుడు మంచం కిందికి దూరింది ఆ మరకదే.

సాయంత్రం మా ఆయనకు చెబితే కొట్టిపారేశాడు. "పర్షియన్లు గట్లనే ఉంటయ్. పిలిస్తె పలుకయ్. గదే వాటి గుణం" అన్నాడు. అయినా కాసేపటికి తనే పైకి పోయి, కూనల వెనక కూర్చుని బండి తాళాలు ఊపాడు. చప్పట్లు కొట్టాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మరక కూన ఒక్కటే వెనక్కి తిరిగి చూసింది. తల్లి పిల్లి ఊరికే అంత పెద్దగా ఎందుకు అరుస్తుందో, మగపిల్లి ఎప్పుడు పిలిచినా ఒక పక్కకే ఎందుకు తిరుగుతుందో మా ఇద్దరికీ అప్పుడే అర్థమైంది. తల్లి పిల్లికి దాని గొంతు దానికే వినబడదు. మగదానికి ఒకవైపే వినబడుతుంది, నీలి కన్ను లేని వైపు.

మరుసటి వారం కూనలను బుట్టలో పెట్టుకుని జగిత్యాలకు బస్సులో పోయాం. అక్కడ పశువైద్యురాలు ఒకామె సొంతంగా దవాఖాన నడుపుతుంది. ఆమె ఒక్కో కూనను ఎత్తి, వెనక నుంచి డబ్బా మూత టకటకలాడించి చూసింది. తర్వాత చాలా నిదానంగా చెప్పింది. తల్లి కడుపులో పిండం తయారయ్యేటప్పుడు రంగునిచ్చే కణాలు వెన్ను దగ్గర పుడతాయట. అక్కడి నుంచి ఒళ్ళంతా ప్రయాణం చేస్తాయట. చర్మానికి పోతాయి, కంటికి పోతాయి, చెవి లోపలికి కూడా పోతాయి. ఈ తెల్ల పిల్లుల్లో ఉన్న జన్యువు వాటిని దారిలోనే ఆపేస్తుంది. చర్మానికి చేరకపోతే ఒళ్ళు తెల్లగా ఉంటుంది. కంటికి చేరకపోతే కన్ను నీలంగా ఉంటుంది. చెవి లోపలికి చేరకపోతే అక్కడ వినే భాగం పుట్టిన కొద్ది రోజుల్లోనే ఎండిపోతుంది. తల్లీ తండ్రీ రెండూ తెల్లవైతే ఇలాంటి కూనలు ఇంకా ఎక్కువగా పుడతాయి.

నా చెయ్యి తల మీదికి పోయింది. నా నుదుటి మీద, పాపిట మొదలయ్యే చోట, పుట్టినప్పటి నుంచీ ఒక తెల్లటి పాయ ఉంది. రెండు వేళ్ళ వెడల్పు ఉంటుంది. చిన్నప్పుడు బడిలో అందరూ దాన్ని ముట్టుకుని చూసేవాళ్ళు. మా వైపు అది అదృష్టమనేవాళ్ళు. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు అత్తమ్మ కూడా దాన్ని చూసి, లక్ష్మి కళ అని మెచ్చుకుంది. ఇరవై ఆరేళ్ళు దాని గురించి నేను ఒక్కసారి కూడా భయపడలేదు.

"మనుషులల్ల గూడ గిట్లుంటదా మేడం?" అని అడిగాను.

ఆమె నా ముఖం వైపు చూసింది. చూపు పాయ మీద ఆగింది. అక్కడి నుంచి కడుపు మీదికి దిగింది. నేను పశువుల డాక్టరునమ్మా, ఆ సంగతి నీకు కాన్పు చేసే డాక్టరును అడుగు అంది. లేదని అనలేదు. దారంతా బస్సులో నాకు ఆమె అన్న మాట కాదు, అనని మాటే చెవిలో తిరిగింది.

మాకు కాన్పు డాక్టరు కూడా జగిత్యాలలోనే. నెలవారీ పరీక్షకు పోయినప్పుడు అడిగితే, స్కానింగులో అన్నీ బాగున్నాయి, వినికిడి సంగతి స్కానింగులో కనబడదు, పుట్టాక చూద్దాం అంది. ఆమె మామూలుగానే చెప్పింది. పుట్టాక చూద్దాం అన్న మాట పట్టుకుని నేను ఇంకా నాలుగు నెలలు బతకాలి.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం తెల్ల కూన ఒకటి మెట్లు దిగి, గేటు సందులోంచి రోడ్డు మీదికి పోయింది. ఎదురింటికి నీళ్ళ డబ్బాలు దింపిన ఆటో వెనక్కి వస్తోంది. కూన సరిగ్గా దాని చక్రం దారిలో కూర్చుని పంజా నాక్కుంటోంది. నేను వరండాలోంచి అరిచాను. నా గొంతు పగిలేలా అరిచాను. కూన చెవి కూడా కదపలేదు. అత్తమ్మ అరిచింది, ఎదురింటివాళ్ళు అరిచారు, ఆటో హారన్ మోగింది. అది తీరిగ్గా రెండో పంజా ఎత్తింది. డ్రైవరు అరుపులు విని బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. నేను పోయి దాన్ని ఎత్తుకుని రోడ్డు మీదే కూలబడ్డాను. అత్తమ్మ వచ్చి నన్ను లేపుతూ, పిల్లి బతికింది కదా, ఇంకా ఎందుకు వణుకుతున్నావని అడిగింది. అంతమంది అరిచాం. ఆ అరుపంతా దాని చుట్టూ గాలిలో పడిపోయింది. రేపు నా బిడ్డను నేను ఎలా పిలవాలి?

ఆ వారమే సిరిసిల్లకు మా అమ్మగారింటికి పోయాను. రుద్రంగి మీదుగా పోతుంటే రోడ్డు గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను. లోపల బిడ్డ తన్నింది. తన్నడమంటే విన్నట్టేనా అని ఆలోచించాను. అప్పుడు నా బుర్రలో వేరే ఏదీ లేదు.

మా ఇంటి వెనక షెడ్డులో సాంచాలు నడుస్తాయి. మరమగ్గాలను మా దగ్గర అలాగే అంటాం. ఆ చప్పుడులో మాట్లాడుకోవాలంటే అరవాలి, లేదా చేతులతో చెప్పుకోవాలి. ముసలితనానికి సాంచాల మీద పనిచేసిన వాళ్ళందరికీ చెవులు మందమవుతాయి. అందుకే మా చిన్నాయనకు పుట్టుక నుంచీ వినబడదన్నది మా ఇంట్లో ఎవరికీ వింతగా లేదు. ఆయన మా నాన్నకు తమ్ముడు. మాట రాదు. షెడ్డులో ఆయనంత పనివాడు లేడు. ఎక్కడ పోగు తెగినా కంటితోనే పట్టేస్తాడు. ఆయన నుదుటి మీద కూడా నాకున్నట్టే తెల్ల పాయ ఉంది. ఒక కన్ను బూడిద రంగు. ఈ మూడూ నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవే. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎప్పుడూ చూడలేదు.

అమ్మ వంటింట్లో రొట్టె చేస్తుంటే పక్కన కూర్చుని అడిగాను. చిన్నాయనకు చెవులు ఎందుకు పోయాయి?

"మీ చిన్నాయిన పుట్టంగనే సాంచాల పక్కపొంటి ఊయల గట్టిండ్రట బిడ్డా. గా సప్పుడుకు చెవులు వోయినయ్ అన్నరు. నేను గీ ఇంటికి అచ్చినప్పటి సంది గదే ఇన్న" అంది.

మరి నాన్నకు ఇరవై ఏళ్ళకే తల ఎందుకు నెరిసింది అని అడిగాను. అమ్మ రొట్టె తిప్పడం మానేసి నా వైపు చూసింది. నాన్న వాళ్ళకు మేనత్త ఒకామె కూడా ఉండేదట. చిన్నప్పుడే పోయింది. ఆమెకూ పాయ ఉండేదట. ఎవరు పిలిచినా పలికేది కాదని, మొండిదని, ఆమెకు వదినైన మా నానమ్మ కొట్టేదట. పిల్లుల సంగతి, డాక్టరమ్మ చెప్పింది, అంతా నేను చెప్పాను. రొట్టె పెనం మీదే మాడింది.

"గీ ముచ్చట మీ అత్తకు చెప్పకు" అని మాత్రం అంది.

మధ్యాహ్నం చిన్నాయన అన్నానికి షెడ్డులోంచి వచ్చాడు. జుట్టు నిండా దూది ధూళి. నన్ను చూసి సంతోషంతో నా తల నిమిరాడు. తర్వాత తన పాయను చూపించాడు. నా పాయను ముట్టుకున్నాడు. చివరికి వేలితో నా కడుపును చూపించి, దీనికి కూడా వస్తుందా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసి నవ్వాడు. రావాలని ఆయన ఆశ. తనలాంటిది ఇంట్లో ఇంకొకటి పుడుతుందని ఆనందం. ఆయన ముందు ఏడిస్తే ఆయనను చూసి ఏడ్చినట్టు అవుతుందని, నవ్వి తల ఊపాను.

అత్తమ్మకు చెప్పలేదు కానీ, తిరిగొచ్చాక మా ఆయనకు చెప్పేశాను. ఆ భయం ఒక్కదాన్నే మోయడం నా వల్ల కాలేదు. జత కట్టించే మనిషి కాబట్టి అతనికి లెక్క వెంటనే తెలిసిపోయింది. పాయ వచ్చే అవకాశం సగానికి సగం. వచ్చినా చెవి పోవాలని లేదు, నాకు పోలేదు, మా నాన్నకు పోలేదు. ఆ సంగతి నాకు చెప్పాడు, తనకూ చెప్పుకున్నాడు. ఆ రోజు నుంచి పిల్లుల గదిలోకి పోయినప్పుడల్లా ముఖం అదోలా పెట్టుకునేవాడు.

నాకు ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడు హైదరాబాదులో పిల్లుల పోటీ జరిగింది. ముందే పేరు ఇచ్చాడు కాబట్టి, కూనల్లో అన్నింటికంటే అందమైన దాన్ని తీసుకుని పోయాడు. రెండు కళ్ళూ ముదురు నీలం, నెత్తి మీద మచ్చ లేదు. తిరిగి వచ్చేటప్పుడు బుట్టకు రిబ్బను కట్టి ఉంది. అత్తమ్మ చూసి మురిసిపోయింది. అతను మాత్రం చెప్పులు విప్పి గడప మీదే కూర్చున్నాడు.

హాలంతా మైకుల మోత అట. మిగతా కూనలు బెదిరి వణికిపోయాయట, ఒకటి జడ్జి చెయ్యి రక్కిందట. మాది మాత్రం బల్ల మీద రాణిలా కూర్చుందట. ఆ జడ్జి దాని చెవులు వేలితో కొలిచినట్టు చూసి, చిన్నగా ఉన్నాయి, చక్కగా దూరంగా ఉన్నాయి అన్నాడట. ఇంత నిమ్మళమైన కూనను ఈ మధ్య చూడలేదని మెచ్చుకున్నాడట.

"దానికి ఇనవడదు సార్ అని చెప్పిన" అన్నాడు మా ఆయన. "అయ్యో అన్నడు. మరి గదంత సూడరా అంటె, చెవి ఎట్లుండాల్నో రూల్ల ఉన్నది గని, ఇనాల్నని లేదన్నడు. రిబ్బను చేతుల పెట్టిండు."

ఎందుకు వినబడదని అత్తమ్మ అడిగితే, తెలుపు వల్లే చెవి పోతుందని డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పాడు. అత్తమ్మకు అప్పుడు తెలిసింది. కూనల సంగతే కాదు. ఆమె నా పాయ వైపు చూసింది, మా ఆయన ముఖం చూసింది, అడగకుండానే గ్రహించింది. నేను తిట్టు కోసం ఎదురుచూశాను. ఆమె లేచి లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చి నాకు ఇచ్చింది. తిట్టి ఉంటే నాకు అంత భయం వేసేది కాదేమో.

జగిత్యాలలో కాన్పు అయింది. ఆడపిల్ల. ఏడుపు వినగానే నా మొదటి ఆలోచన, ఈ ఏడుపు దానికి వినబడుతోందా అని. నర్సు బిడ్డను తుడుస్తోంది. పుట్టిన పిల్లల ఒంటి మీద ఉండే తెల్లటి జిడ్డు అనుకుని నుదుటి పైన ఒకే చోట మళ్ళీ మళ్ళీ రుద్దుతోంది. పోవడం లేదని బట్ట తడిపి ఇంకోసారి రుద్దింది. "అది పోదు సిస్టర్" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. తడి జుట్టులో నల్లటి వెంట్రుకల మధ్య సన్నటి తెల్ల గీత నాకు బల్ల మీది నుంచే కనిపించింది.

మూడో నాటికి కళ్ళు బాగా తెరిచింది. కుడి కన్ను నల్లన. ఎడమ కన్ను నీలం. అంత నీలాన్ని నేను పిల్లుల్లోనే చూశాను. ఎంత అందంగా ఉందోనని చూడడానికి వచ్చినవాళ్ళు అంటుంటే నేను కొంగుతో ముఖం కప్పుకున్నాను. అత్తమ్మ ఇంటి నుంచి దేవుని గంట తెప్పించి ఊయల పక్కన మోగించింది. బిడ్డ ఉలిక్కిపడి చేతులు చాచింది. "ఇన్నది" అంది అత్తమ్మ, కళ్ళనీళ్ళతో. ఏ చెవితో విన్నదో, అసలు విన్నదో, గాలి తగిలిందో నాకు తెలియదు. ఆమె మళ్ళీ మోగించబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. రెండోసారి ఉలిక్కిపడకపోతే చూడలేను.

కరీంనగర్‌లో బెరా పరీక్ష చేయించాం. బిడ్డ నిద్రపోవాలి. తలకు వైర్లు అంటించి, చెవుల్లో చప్పుడు పంపి, మెదడుకు చేరుతుందో లేదో తెర మీద గీతల్లో చూస్తారు. పాలిచ్చి నా ఒళ్ళోనే పడుకోబెట్టాను. గది చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. కుడి చెవికి పెట్టినప్పుడు తెర మీద చిన్న చిన్న గుట్టల్లా గీతలు లేచాయి. పరీక్ష చేసే అమ్మాయి తల ఊపింది. ఎడమకు మార్చింది. చప్పుడు పెంచింది. ఇంకా పెంచింది. గీత నేల మీద పరిచిన దారంలా అలాగే ఉంది. ఆ అమ్మాయి వైరు సరిచేసి మళ్ళీ చేసింది. మా ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఆ గీతనే చూస్తున్నాడు. నేను చూడడం మానేసి బిడ్డ ఊపిరి చూసుకుంటూ కూర్చున్నాను.

కుడి చెవి బాగా వింటుంది, మాటలు వస్తాయి, ఎడమ చెవి వినదు అని డాక్టరు చెప్పాడు. ఇది వంశంలో వచ్చేదేనని, దానికో పేరుందని చెప్పాడు. నీలి కన్నూ వినని చెవీ ఒకే పక్కన ఉండడం మనుషుల్లో నియమమేమీ కాదని కూడా అన్నాడు. ఉన్న చెవిని జాగ్రత్తగా చూసుకోవాలి. జలుబు చేసినా, చీము కారినా వెంటనే రావాలి. తర్వాతి బిడ్డకూ సగానికి సగమే అన్నాడు. బయటికి వచ్చాక మా ఆయన బిడ్డను ఎత్తుకుని, కుడి చెవిలో ఏదో మెల్లగా చెప్పాడు. ఏం చెప్పాడో నేను అడగలేదు.

ఆ తర్వాత అతను తెల్ల జంటను మళ్ళీ కలపలేదు. ఆడదానికి జగిత్యాల డాక్టరమ్మ దగ్గర పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించాడు. వినబడని కూనల కోసం వచ్చిన వాళ్ళకు ముందే ఆ సంగతి చెప్పేవాడు. కొందరు వెనక్కి పోయారు. ఇంట్లోనే ఉంచి పెంచుతామన్న వాళ్ళకు రెండిటిని ఇచ్చాడు. రిబ్బను వచ్చినది మాత్రం మా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు బూడిద రంగు, గోధుమ రంగు పిల్లులను పెంచుతున్నాడు. తెల్లవే కావాలని ఫోన్లు ఇప్పటికీ వస్తూనే ఉంటాయి.

చిన్నాయన బిడ్డను చూడడానికి వచ్చినప్పుడు, ఒక చెవి వింటుందని చేతులతో చెప్పాను. ఆయన కాసేపు నమ్మలేదు. తర్వాత బిడ్డ కుడి చెవిని చాలా మెల్లగా, పగిలిపోతుందేమో అన్నట్టు వేలితో తాకాడు. తను ఏడుస్తున్నట్టు ఆయనకు తెలియలేదు.

మా పాప ఇప్పుడు బడికి పోతోంది. గలగలా మాట్లాడుతుంది. తరగతిలో ఎడమ చెవి గోడ వైపు వచ్చేలా కూర్చోబెట్టమని టీచరుకు చెప్పాను. ఒక చెవితో వినేవాళ్ళకు చప్పుడు వినబడుతుంది కానీ అది ఎటు నుంచి వస్తుందో తెలియదు. ఆ సంగతి నాకు బజారులో తెలిసింది. వెనక నుంచి ఆటో హారన్ మోగితే పాప విన్నది. విని రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ముందుకు చూసింది, ఎడమకు చూసింది, మొత్తం ఒక చుట్టు తిరిగింది. ఆటో దాని ముందు ఆగే వరకూ ఎక్కడుందో దానికి తెలియలేదు.

అప్పటి నుంచి నేను దాన్ని వెనక నుంచి పిలవను. రోడ్డు మీద ఎప్పుడూ దాని ఎడమ పక్కనే నడుస్తాను. బడి విడిచేటప్పుడు గేటు బయట నిలబడి, పిల్లలందరూ ఒకేసారి పరుగెత్తి వస్తుంటే ఆ గుంపులో దాన్ని వెతుకుతాను. మిగతా తల్లులు పేర్లు పెట్టి పిలుస్తుంటారు. నేను చెయ్యి పైకెత్తి ఊపుతూ, అది నన్ను చూసే వరకూ నిలబడతాను.